కోరుకునే వంతు

పొద్దున్నే పెరట్లోంచి తడి సున్నం వాసన వస్తుంటే పుష్పావతమ్మకి ఒళ్ళు మండింది. పండగ లేదు, పెళ్ళి లేదు, ఈ వెల్లలెవరికి? కాఫీ గ్లాసుతో సహా వెళ్ళి చూస్తే, కొడుకు ప్రభాకరరావు లుంగీ ఎగ్గట్టుకుని ఒక బకెట్లో సున్నం, ఇంకో బకెట్లో ఎర్ర జాజు కలుపుతున్నాడు. తోట కాపలా చూసే పెద్దిరాజు పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

"తులసికోట పక్కనే దొరికిందట్రా నీకు చోటు?"

"కడిగించేస్తాలేమ్మా. తొమ్మిదింటికి ట్రాక్టరొస్తుంది. ఇవాళ చెట్లకి గుర్తులు పెట్టేస్తే వానలు పడేలోగా రిజిస్ట్రేషన్ అయిపోతుంది."

"మీ నాన్నకి చెప్పావా?"

"ఆయనకి తెలుసు."

"తెలిసే అలా ఉన్నారా? పొద్దున్నించీ పేపర్లో ఒకటే పేజీ చూస్తున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని నేను హడలి చస్తున్నాను."

ప్రభాకరరావు తల ఎత్తలేదు. కర్రతో సున్నం తిప్పుతూనే ఉన్నాడు.

వాళ్ళకి రెడ్డిగూడెంలో మామిడి తోట ఉంది. తాతల నాటిది. తండ్రీ కొడుకూ దాన్ని పంచుకోవాలనుకుంటున్నారు. గొడవేమీ లేదు. ప్రభాకరరావుకి నూజివీడులో మామిడికాయల కొట్టుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర కాయలు పెట్టెలకెత్తే షెడ్డు ఒకటి వేద్దామని బ్యాంకుకి వెళితే, అసలు నీ పేరున ఏముందయ్యా అన్నారు. అదీ సంగతి.

అయితే తోట పంచుకోవడం పొలం పంచుకున్నంత తేలిక కాదు. మధ్యలో గట్టు వేసి ఇటు నీది, అటు నాది అంటే కుదరదు. ఒకవైపు బంగినపల్లి ఉంటుంది, ఒకవైపు చిన్న రసాలుంటాయి, ఇంకోవైపు ఏడాది తప్పించి ఏడాది కాసే ముసలి చెట్లుంటాయి. అందుకని చెట్టు చెట్టూ చూసి, ఎక్కువ తక్కువలు సర్ది వాటాలు కడతారు. వాటాకో రంగు చొప్పున మొదళ్ళకి పట్టీలు వేస్తారు. వాటాలు పెట్టేది ఇంటి పెద్ద. ముందు కోరుకునేది అందరిలోకీ చిన్న. కోరుకున్నవాళ్ళు ఆ వాటాలోని ఒక చెట్టు మీద చెయ్యి వేసి "ఇది నాది" అని నలుగురూ వినేట్టు అనాలి. పెట్టినవాడికి చివరికి మిగిలిందే గతి గనక, ఎంత గడుసు మనిషైనా వాటాలు సమంగానే పెడతాడు. ఎవరు కనిపెట్టారో గాని బుర్రున్నవాళ్ళే.

వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్న సీతారామాంజనేయులు గారు ఇలాంటి పంపకాలు ఎన్నో చూసినవారు. ఆయన ప్లీడరు. వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి, కొట్లో కూర్చోకుండా నల్లకోటు వేసుకున్నందుకు తండ్రి ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆయనకి వచ్చినవన్నీ అన్నదమ్ముల వాటాల కేసులే. కోర్టు లోపల అన్నదమ్ములు తండ్రి ఆస్తి కోసం కొట్టుకుంటుంటే, బయట చెట్టు నీడన ఆడపడుచులు వాళ్ళ కోసం కారియర్లలో అన్నాలు తెచ్చుకుని కూర్చునేవారు. ఆ తండ్రికి వాళ్ళూ పిల్లలే. అయినా కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కు కూతురికి రాదు. ఒకరోజు ఆ కారియర్లు చూసి చూసి ఆయనకి ఎందుకో వాదించబుద్ధి కాలేదట. అప్పుడు పట్టుకున్నారు ఆ పని.

పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉండాలని సైకిలు మీద ఊరూరూ తిరిగారు. అర్జీలు తెలుగులో రాసి, ఆడవాళ్ళ చేత వేలిముద్రలు వేయించి హైదరాబాదు పంపారు. "ఆడాళ్ళ ప్లీడరు" అని వెక్కిరించారు జనం. ఆయన ఊరుకోలేదు. చివరికి మొన్న ఎనభై అయిదు, ఎనభై ఆరుల్లో ఆ చట్టం వచ్చింది. ఒక్క మనిషి వల్ల వచ్చిన చట్టం కాదది, అలాంటివాళ్ళు రాష్ట్రంలో చాలామందే ఉన్నారు. కానీ నూజివీడువాళ్ళ లెక్కలో మాత్రం అది ఆంజనేయులుగారి చట్టమే.

అంతటి మనిషి ఆ పొద్దున పేపరు పేజీ తిప్పలేక కూర్చున్నారు.

వీధిలో రిక్షా ఆగింది. కూతురు ఉమ దిగింది. ఆమెది జి. కొండూరు. భర్త వెంకటరమణ అక్కడ స్కూలు మాస్టరు. తెల్లవారుజామునే మైలవరం బస్సెక్కినట్టుంది, జడ చెదిరిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో చిన్న పెయింటు డబ్బా.

"నాన్నా! నేను లేకుండానే వెళ్ళిపోతారేమోనని పరిగెత్తుకొచ్చాను. వదినా, కాస్త మంచినీళ్ళివ్వవూ?"

ప్రభాకరరావు భార్య శకుంతల గ్లాసు తెచ్చింది. ఉమ గటగటా తాగేసి, డబ్బా అరుగు మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"వాటాలు నువ్వేగా నాన్నా పెట్టేది? చిన్నదాన్ని నేనే గనక ముందు నా వంతు. ఏం కోరుకుంటానో ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత అన్నయ్య ఏడవకూడదు. నుయ్యున్న వైపు."

ప్రభాకరరావు చేతులు కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ డబ్బా ఏంటి?"

"రంగు. నీది సున్నం, నాన్నది జాజు, నాది నీలం. షాపతను ఇదొక్కటే ఉందన్నాడు. బాగుంది కదూ? వానకి కూడా పోదట."

శకుంతల ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఉమ నవ్వు అలాగే ఉంది గాని, కళ్ళు ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి తిరుగుతున్నాయి.

"నాన్నగారూ," అన్నాడు ప్రభాకరరావు మెల్లగా, "మీరు దానికి చెప్పలేదా?"

"ఏంటి చెప్పేది?" అంది ఉమ.

"నీకు రోడ్డు వైపు కొన్ని చెట్లు పసుపు కుంకుమ కింద ఇద్దామనుకున్నాం. మంచి చెట్లే. నేనే ఏరి పెట్టాను."

"పసుపు కుంకుమేంటి అన్నయ్యా? వాటా అయితేనూ!"

"వాటా రాదమ్మా నీకు."

"ఎవరన్నారు?"

"కోర్టులో అందరూ అంటున్నారు. కాదంటే ఆ చట్టం కోసం తిరిగినాయన అక్కడే కూర్చున్నారు, అడుగు."

ఉమ తండ్రి వైపు తిరిగింది. ఆంజనేయులు గారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"చట్టం ఎనభై అయిదు సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్కమ్మా. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదని అందులో ఒక ముక్క పెట్టారు. నీ పెళ్ళి శ్రావణంలో అయింది. ఆగస్టు నెలాఖరున."

ఉమ చూపు పక్కకి తిప్పుకుంది. అరుగు మీద నీలిరంగు డబ్బా ఎండకి మెరుస్తోంది.

"మా అత్తవారు మాఘంలో చేద్దామన్నారు. తొందరేముంది, చలికాలమైతే బాగుంటుందన్నారు. శ్రావణమే కావాలని పట్టుబట్టింది నువ్వు కాదూ?"

"నేనూ మాఘమే అన్నాను," అంది పుష్పావతమ్మ. ఆ మాట అనకూడదని ఆవిడకి తెలుసు. నోరు ఆగలేదు. "విన్నారా? శ్రావణం దాటితే నాకు తీరదు, బిల్లు కదులుతోంది, హైదరాబాదులో ఉండాలి, పిల్ల పెళ్ళి అయిపోతే నిశ్చింతగా తిరగొచ్చు అన్నారు."

అదీ జరిగింది. కూతుళ్ళకి హక్కు తెచ్చే పనికి అడ్డం రాకూడదని కూతురి పెళ్ళి ముందుకి జరిపారాయన. ఏ తేదీ నుంచి లెక్క వేస్తారో అప్పుడు ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆయన కాదు, వెర్రివాడు కూడా ఆ పని చెయ్యడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అడిగింది ఉమ.

"చట్టం అచ్చయి వచ్చిన రోజే."

"ఆ రోజు నేనిక్కడే ఉన్నాను. పళ్ళెంలో లడ్డూలు పెట్టుకుని వీధంతా పంచాను. మా నాన్న గెలిచాడని పంచాను. నువ్వు ఈ కుర్చీలోనే కూర్చుని చూశావు. అవునా?"

ఆయన తల వంచుకున్నారు.

"మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పాను నాన్నా. పుట్టింట్లో మనకీ వాటా ఉంది, నోరు తెరిచి అడగండని చెప్పాను. మొక్కలకి జాగా వస్తుందని అంటు కట్టీ కట్టీ పెరడంతా నింపాను. అద్దె ఇంటివాళ్ళు పెరడు ఖాళీ చెయ్యమంటుంటే, మా తోట ఉంది, నుయ్యుంది, వానలకి ముందే పట్టుకుపోతానని పొగరుగా చెప్పాను. రాదని ఒక్క మాట చెబితే ఏం పోయేది నీకు?"

మామిడి అంట్లు కట్టడం ఉమకి చిన్నప్పటి నుంచీ పిచ్చి. నర్సరీ పెట్టుకోవాలని ఆమె ఆశ. మొక్కలకి నీళ్ళు కావాలి. తోట మొత్తానికి నుయ్యి ఒక్కటే.

"నా వాటా నీకు రాసిస్తానమ్మా," అన్నారు ఆంజనేయులు గారు. "నేను పోయాక నా సగం నీదే. ఇవాళే వీలునామా రాస్తాను."

"ఏ సగం? అన్నయ్య ముందు కోరుకోగా మిగిలిన సగం. అన్నయ్య నుయ్యి కోరుకుంటాడు. ఆ సంగతి నాకు తెలియదా? మీటింగుల్లో ఏం చెప్పేవాడివి నాన్నా? కూతురికి ఇచ్చేది ఎంతైనా సరే, అది ఇచ్చేవాడి ఇష్టమే గాని పుచ్చుకునేదాని ఇష్టం కాదని చెప్పేవాడివి. నీ మాటలన్నీ నేను కంఠతా పట్టాను. ఇప్పుడు మర్చిపొమ్మంటే ఎలా?"

ఉమ సంచీ తీసుకుంది. శకుంతల ఇడ్లీ పళ్ళెంతో వెనకే పరిగెత్తింది. "ఉమా, రెండు తిని వెళ్ళు, అంత దూరం నుంచి వచ్చావు..."

"ఇప్పుడు మెతుకు దిగదు వదినా, ఏమనుకోకు." రిక్షా ఇంకా అక్కడే ఉంది. ఎక్కి వెళ్ళిపోయింది. డబ్బా మాత్రం అరుగు మీదే మర్చిపోయింది.

తొమ్మిదింటికి ట్రాక్టరు వచ్చి హారను కొట్టింది. పెద్దిరాజు బయటికి వెళ్ళి, ఇవాళ కాదులే అని పంపించేశాడు.

మధ్యాహ్నం తండ్రీ కొడుకూ భోజనానికి కూర్చున్నారు. మజ్జిగ పోసుకునే వేళకి ఆంజనేయులు గారు గొంతు సవరించుకున్నారు.

"వీలునామా సంగతి నిజంగానే అన్నాను ప్రభాకరం. నువ్వు ఏమీ అనుకోవని..."

"రాయండి నాన్నగారూ. తప్పకుండా రాయండి. ఊరంతా మెచ్చుకుంటుంది. బార్ రూములో ఇంకో దండ వేస్తారు. ఇచ్చిన మీరు మహానుభావులు, ఇవ్వని నేను దొంగ."

"ఏంట్రా ఆ మాటలు!" అంది పుష్పావతమ్మ.

"ఉండమ్మా. ఇవాళైనా అననీ." అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేను బి.కాం. మధ్యలో మానేశాను. ఎందుకు మానేశానో మీకు తెలుసా నాన్నగారూ?"

"వ్యాపారం మీద ఇష్టమన్నావు కదరా."

"ఇష్టం! గడ్డి పరుచుకుని పచ్చి కాయలేవో దోర కాయలేవో ఏరుతూ కూర్చోవడం ఏ కుర్రాడికి ఇష్టమండీ? అన్నదమ్ములు మీకు కేసులివ్వడం మానేశారు. పాలవాడొస్తే అమ్మ వాకిట్లోకి రాకుండా దాక్కునేది. మీరేమో సైకిలేసుకుని ఊళ్ళు తిరిగేవారు. ఎవరో ఒకరు ఇంటి సంగతి చూడాలి కదా. నేను కొట్టు తెరిచాను. ఓసారి ఆ తోట అమ్మేద్దామని మీరే అన్నారు. నేను అడ్డం పడ్డాను. ఉమ పెళ్ళి పనులన్నీ నేను, శకుంతలా చూసుకున్నాం. మీరు ముందు రోజు హైదరాబాదు నుంచి బస్సు దిగారు. నేనేమీ అనలేదు, మంచి పని మీదే వెళ్ళారని నాకూ తెలుసు. కానీ మీ మీటింగుల్లో అన్నదమ్ములంటే దొంగలు, దోచుకు తినేవాళ్ళు. జనం చప్పట్లు కొట్టేవారు. వెనక బెంచీలో నేను కూర్చుని వినేవాణ్ణి. నేనూ ఒక అన్ననే కదండీ!"

అంత వయసొచ్చిన మగవాడు కంచం ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే శకుంతల అటు తిరిగి నిలబడింది.

ఆంజనేయులు గారు కంచం పక్కకి జరిపారు. పుట్టెడు పట్టుదలతో బతికిన మనిషి. ఎదుటి వకీలు ఏమన్నా చెక్కు చెదరని మనిషి. కొడుకు అన్నదాంట్లో ఒక్క ముక్కా కొట్టిపారేయడానికి దొరకలేదు. ఇంటి ఖర్చు ఎలా నడుస్తోందో అన్నేళ్ళలో ఒకసారైనా అడిగానా అని గుర్తు తెచ్చుకుంటే, అడిగినట్టు గుర్తు రాలేదు.

"నేను అడగలేదురా నిన్ను. అంతమందిని కూర్చోబెట్టి కష్టం అడిగాను. ఇంట్లో నిన్ను అడగలేదు." లేచి నిలబడ్డారు. "ఉమకి ఇవ్వమని నీకు చెప్పను. చెప్పే మొహం నాకు లేదు."

ఆయన చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. పుష్పావతమ్మ ఇద్దరి కంచాలూ తీస్తూ, "ఇన్నాళ్ళకి ఈ ఇంటి కేసు విచారణకొచ్చింది," అని గొణుక్కుంది. ఆవిడకి ఏడుపొచ్చినప్పుడు కూడా మాట అలాగే వస్తుంది.

సాయంత్రం ప్రభాకరరావు కొట్టు నుంచి వచ్చేసరికి నీలిరంగు డబ్బా ఇంకా అరుగు మీదే ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. మూత మీద మేకుతో ఉమ అని గీసుకుంది పిల్ల. చిన్నప్పుడు పలకల మీద, పీటల మీద కూడా ఇలాగే గీసేది.

"స్టోరు రూములో పెట్టమంటారా?" అంది శకుంతల గుమ్మంలోంచి.

"ఉండనీ."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "నుయ్యి పోతుందనా మీ బాధ?"

"నుయ్యి లేకపోతే కష్టమే. కాదనను. కానీ అది కాదు." అతను డబ్బాని అటూ ఇటూ తిప్పాడు. "ఒక్క మాట అడక్కుండా రంగు కొనుక్కుని వచ్చేసింది చూడు. అది మండింది నాకు. అన్నయ్యా, నాక్కూడా ఇస్తావా అంటే కాదంటానా నేను?"

"మీరు పొద్దున సున్నం ఎవర్ని అడిగి కలుపుకున్నారు?"

శకుంతల గొంతులో కోపం లేదు. అడిగి ఊరుకుంది. ప్రభాకరరావు ఏదో అనబోయాడు. తనది తను కలుపుకోవడానికి ఎవర్ని అడగాలి అనబోయాడు. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. చెల్లెలు పొద్దున ఎంత సంతోషంగా రిక్షా దిగిందో అప్పుడు గుర్తొచ్చింది. అడిగి తెచ్చుకునేవాళ్ళ మొహం అలా ఉండదు. ఇంటి మనిషి మొహం అలా ఉంటుంది.

మర్నాడు ఉదయమే స్కూటరు తీసి జి. కొండూరు వెళ్ళాడు. వెంకటరమణ స్కూలుకి బయల్దేరుతున్నవాడు కాస్తా, "రండి బావగారూ, రండి, కాఫీ తాగుదురుగాని," అంటూ కంగారుగా కుర్చీ వేశాడు. ఉమ పెరట్లో ఉందన్నాడు.

ప్రభాకరరావు ఆ పెరడు ఎప్పుడూ చూడలేదు. అడుగు పెట్టే చోటు లేకుండా మట్టి కుండీలు. ప్రతి కుండీలోనూ ఒక మామిడి మొక్క. అంటు కట్టిన చోట గుడ్డ పేలిక చుట్టి ఉంది. ఉమ చెంబుతో ఒక్కో దానికీ నీళ్ళు పోస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అన్నని చూసి చెంబు కింద పెట్టింది.

"ఇవన్నీ నువ్వే కట్టావా?"

"ఇంకెవరు కడతారు? చిన్న రసాలు ఎక్కువ. బంగినపల్లి ఆ గోడవైపు." నిన్నటి రోషం మొహంలో లేదు. రాత్రంతా ఆలోచించి అది దింపేసుకున్నట్టుంది. "నాకేమీ రాయొద్దు అన్నయ్యా. వాటా మాట వదిలేశాను. కానీ ఒకటి అడుగుతాను. ఈ వానాకాలం దాకా ఆ నూతి పక్కన ఇవి పెట్టుకోవడానికి..."

"అడక్కు."

ఆమె మొహం పాలిపోయింది. ప్రభాకరరావు కంగారు పడ్డాడు. మాట ముందే చెప్పి ఉండాల్సింది.

"అది కాదే! అడిగితే నేనిచ్చినట్టవుతుంది. అడక్కు. వచ్చి కోరుకో. రేపు నాన్నగారు మూడు వాటాలు పెడతారు. చిన్నదానివి, ముందు వంతు నీది."

"చట్టంలో రాదుగా?"

"ఇవ్వక్కర్లేదంది చట్టం. కలుపుకోవద్దని అనలేదుగా. రాత్రి నాన్నగారిని అడిగాను. నేనూ ఆయనా ఒప్పుకుని ముగ్గురం పంచుకున్నట్టు రాసుకుంటే చెల్లుతుందట. ఆ కాగితం మీద మొదటి సంతకం నాది." అతను వంగి ఒక మొక్క ఆకు మీద దుమ్ము తుడిచాడు. "నువ్వు నుయ్యే కోరుకుంటావని తెలుసు. పోతుందని నాకు బాధగానే ఉంది. ఉన్నమాట చెప్పేస్తున్నా. అయినా రా."

ఉమ నవ్వబోయి ఏడ్చింది. వెంకటరమణ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏం చెయ్యాలో తెలియక వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు రెడ్డిగూడెం తోటలో ఎండ ఇంకా ముదరలేదు. అందరూ వచ్చారు. ఆంజనేయులు గారు చేతికర్ర పట్టుకుని చెట్టు చెట్టు దగ్గరా ఆగారు. ఇది బాగా కాస్తుంది, దీనికి తోడు ఆ కుంటిది కూడా ఇటు వేయండి అంటూ వాటాలు కట్టారు. ఇలాంటివి పరాయివాళ్ళకి ఎన్నిసార్లు కట్టారో లెక్కలేదు. సొంతవాళ్ళకి కట్టడం ఇదే మొదలు. రెండుసార్లు మార్చి మళ్ళీ కట్టారు.

పని పూర్తయ్యాక కర్ర నేలకి ఆనించి నిలబడ్డారు. "చిన్నవాళ్ళెవరో కోరుకోండి," అన్నారు.

ఉమ నూతి వైపు నడిచింది. అక్కడున్న చిన్న రసం చెట్టు మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు ఆ చెట్టు కిందే నీళ్ళ కాలవలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. ఇప్పుడు రెండే రెండు మాటలు అనాలి. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నేర్పిన మాటలు. వెనక్కి తిరిగి అన్న వైపు చూసింది.

"నన్ను చూస్తావేం? చెట్టుని చూసి చెప్పు," అన్నాడు ప్రభాకరరావు.

"ఇది నాది," అంది ఉమ.

పుష్పావతమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. పెద్దిరాజు కొడవలి మొనతో నీలిరంగు డబ్బా మూత తీశాడు. తర్వాత వంతు ప్రభాకరరావుది. అతను బంగినపల్లి వైపు కోరుకున్నాడు. చివరికి మిగిలిన ముసలి చెట్లు ఆంజనేయులు గారివి.

"సరిగ్గా మీ ఈడు చెట్లే వచ్చాయి మీకు," అంది పుష్పావతమ్మ. అందరూ నవ్వారు. చాలా రోజులకి ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే కూతురి దగ్గరికి వెళ్ళి, కుంచె పట్టుకున్న ఆమె చేతిని పట్టుకున్నారు.

"మాఘం దాకా ఆగలేకపోయానమ్మా."

"పోనీలే నాన్నా. నువ్వు ఆగి ఉంటే అన్నయ్య మనసు నాకెప్పటికి తెలిసేది?"

ఆయన కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతుంటే తుడుచుకోలేదు. అంత పెద్ద చట్టం కోసం తిరిగారు. దాంట్లో కొడుకు చేసిన ఈ పని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరైనా చేస్తారు, రాయనిది వీడు చేశాడు అనుకున్నారు.

కొడుకు సున్నం బకెట్టు పట్టుకుని అటు వెళ్ళబోతుంటే పిలిచారు. "ప్రభాకరం, ఇలా రా. పనికి తొందరేం లేదు. కాలేజీ మానేసిన రోజు ఏమైందిరా? ఎవరితో చెప్పావు? ఆ రోజు ఎక్కడికి వెళ్ళావు? నాకు అన్నీ చెప్పు."

"ఇప్పుడెందుకండీ అవన్నీ?"

"ఇప్పటికైనా వింటాను."

ప్రభాకరరావు బకెట్టు కింద పెట్టాడు. చుట్టూ చూస్తే కూర్చోవడానికి నూతి గట్టు తప్ప ఏమీ లేదు. "ఏం ఉమా, కూర్చోవచ్చా? ఇప్పుడిది నీదిగా."

"కూర్చో అన్నయ్యా. ఇద్దరూ కూర్చోండి," అంది ఉమ, చెట్టుకి నీలం పట్టీ వేస్తూ.

తండ్రి ఆ చివర, కొడుకు ఈ చివర కూర్చున్నారు. కాసేపు ఇద్దరూ నీళ్ళలోకి చూశారు. తర్వాత ప్రభాకరరావు, "ఆ రోజు ఇంటికి రాలేదు నాన్నగారూ, ఇదిగో ఈ నూతి దగ్గరికే వచ్చి కూర్చున్నాను," అని చెప్పడం మొదలుపెట్టాడు.